కార్డు వెనక అంకెలు

ఈరోజు జీడితోట ఊసు కాదండి, క్రికెట్ ఊసు.

పండక్కి మా ఊరి కుర్రోళ్లు ఏడు మ్యాచ్‌లు ఆడారు. చిన్నప్పుడు మనం ఆడుకున్న ట్రంప్ కార్డులు గుర్తున్నాయా, ఎవడి అంకె పెద్దదైతే వాడిదే కార్డు? అలాంటివి తమ పేర్ల మీద కావాలన్నారు. ముందు ఫొటో, వెనక పరుగులు, వికెట్లు. నర్సీపట్నంలో ఫొటో స్టూడియో ఆయన అచ్చు వేస్తానన్నాడు. వెనక రాసే పని నాకు తగిలించారు, చెరకు లెక్కలు రాసేవోణ్ణని కాబోలు.

మొదటి పేచీ సగటు దగ్గర. ఒకడు అయిదు ఇన్నింగ్స్‌లో 62 కొట్టాడు, మూడుసార్లు నాటౌట్. సగటు 31. ఇంకొకడు ఆరుసార్లూ అవుటై 174 కొట్టాడు. సగటు 29. "ఆడికంటే నాకు తక్కువేటి?" అని గొడవ. సగటుకి ఆడినసార్లతో కాదండి, అవుటైనసార్లతో భాగించాలి. మన లక్ష్మణ్‌నే చూడండి: టెస్టుల్లో 225 ఇన్నింగ్స్, 34 నాటౌట్లు, 8781 పరుగులు. 191తో భాగిస్తేనే 45.97 వస్తుంది. అందుకే సగటు ఒక్కటే వదిలెయ్యకుండా ఇన్నింగ్స్, నాటౌట్లు కూడా పక్కన రాశాను. ఎకరా దిగుబడి చెప్పి ఎన్ని ఎకరాలో చెప్పకపోతే మనం నమ్ముతామా?

మావోడి అత్యధిక స్కోరు 48. "రెండే కదా నాన్నా, యాభై చేసెయ్" అన్నాడు. నాకూ చెయ్యి లాగింది, దాచడమెందుకు. అజారుద్దీన్ ఆడింది 99 టెస్టులు, అత్యధిక స్కోరు 199. ఆయనకే ఎవరూ ఒకటి కలపలేదు, నీకు రెండు కలపాలా అన్నాను. ఆ రాత్రి అన్నం ముట్టలేదు వాడు.

అసలు చిక్కు పదకొండోవాడితో వచ్చింది. ఏడు మ్యాచ్‌లూ ఆడాడు. బ్యాటింగ్ రాలేదు, బంతి ఇవ్వలేదు, ఎండలో బౌండరీ దగ్గరే నిలబెట్టారు. క్యాచ్‌లు పట్టాడు గానీ స్కోరు పుస్తకంలో "క్యాచ్ అవుట్" అనే ఉంది, పట్టినోడి పేరు లేదు. మన పెట్టుబడి లెక్కల్లో కూలోళ్ల డబ్బులుంటాయి, ఇంటి ఆడోళ్లు తీసిన కలుపు ఉండదు చూడండి, అలాగన్నమాట. అందర్నీ అరుగు మీద కూర్చోబెట్టి అడిగితే రెండింటికి సాక్ష్యం దొరికింది. రెండే రాశాను. మీ ఊళ్లో స్కోరు రాసే పిల్లలుంటే పట్టినోడి పేరు కూడా రాయమనండి.

కార్డు ఇస్తే వాడు ఫొటో చూడలేదు, వెనకవైపే చాలాసేపు చూశాడు.

"మూడు మావా" అన్నాడు. "చెరకుతోట పక్కన ఒకటి పట్టాను. ఆరోజు నువ్వు రాలేదు."