పాతబస్తీలో మా దస్తర్‌ఖాన్

హైదరాబాద్‌లోని మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌ను పాతబస్తీవాసులు నేటికీ ఇమ్లీబన్ అనే పిలుస్తారు. ఇమ్లీబన్ అంటే చింతతోపు. మూసీ నది నడుమ వెలసిన ఆ ప్రాంగణంలో ఇప్పుడు తోపు లేదు. బస్సుల రొద, సామాన్లు మోసేవారి కేకలు, ఆటోవాలాల బేరాలు మాత్రమే ఉన్నాయి. ప్రతి ఏడాది జనవరి మాసంలో ఒక శుక్రవారం ఉదయం మేము ముగ్గురు మిత్రులం అక్కడే కలుసుకుంటాం.

మేము ముగ్గురం ఒకప్పుడు ఈ నగరంలోనే ఒకే గదిలో ఉండి చదువుకున్నాం. ఆ తర్వాత నేను గుంటూరులో ఉపాధ్యాయుడినయ్యాను. మరొకరు కర్నూలులో వ్యాపారం చేసుకుంటున్నారు. మూడో మిత్రుడు యాకుత్‌పురావాసి. ఆయన ఊరు విడిచి ఎక్కడికీ వెళ్ళలేదు. అందువల్ల ఆయన మాకు మిత్రుడే కాక, నగరానికి ద్వారపాలకుడు కూడా. ఇమ్లీబన్‌లో మా కోసం వేచి ఉండడం, మమ్మల్ని నడిపించుకుంటూ చార్మినార్ దాకా తీసుకువెళ్ళడం ఏళ్ళ తరబడి ఆయన వంతు.

స్నేహంలో సంతోషాలతో పాటు చిన్నచిన్న చికాకులు కూడా ఉంటాయి. కర్నూలు మిత్రుడు ఏనాడూ అన్న వేళకు రాడు. ఆ ఊరు నగరానికి సుమారు 210 కిలోమీటర్లు. అంతకంటే దూరం నుంచి బయలుదేరిన నేను ముందే వచ్చి, ఆయన కోసం గంటసేపు కాచుకుని కూర్చోవాలి. వచ్చిన తర్వాత ఆయన చేసే మొదటి పని ఫోన్‌లో మరెవరితోనో బిగ్గరగా మాట్లాడడం. నా మీద వారికున్న ఫిర్యాదు ఏమిటంటే, నేను తరగతి గదిలో మాట్లాడినట్లే బయట కూడా మాట్లాడతానట. ఇక యాకుత్‌పురా మిత్రుడితో చిక్కు వేరు. ఆయన ప్రతి ఏడాదీ అదే చోట నిలబడి, అదే కథ చెబుతాడు.

ఆ చోటు నయాపూల్. ఇమ్లీబన్ నుంచి అఫ్జల్‌గంజ్ మీదుగా నడిస్తే మూసీ మీద ఆ వంతెన వస్తుంది. ఇవతలి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, అవతలి ఒడ్డున హైకోర్టు గుమ్మటాలు కనిపిస్తాయి. 1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన వరద ఈ నగరాన్ని ముంచెత్తింది. వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు. ఇప్పటి ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇంకా నిలిచి ఉంది. అలాంటి వరద మళ్ళీ రాకూడదనే తర్వాతి కాలంలో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు నిర్మించారు. ఈ కథంతా మాకు కంఠస్థం. అయినా ఆయన ప్రతిసారీ వంతెన మీద ఆగి, చేయి చాచి, “అదిగో, ఆ చెట్టు...” అని మొదలుపెడతాడు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వును అణచుకుంటాం.

ఈ ఏడాది ఆయన వంతెన మీద ఆగలేదు. తల వంచుకుని ముందుకు నడిచాడు. కథ తప్పినందుకు లోలోపల సంతోషించానే తప్ప, ఎందుకు తప్పిందని నేను ఆలోచించలేదు.

వంతెన దాటి మదీనా కూడలి చేరుకుంటే పత్తర్‌గట్టీ మొదలవుతుంది. రోడ్డుకు రెండు వైపులా రాతి కమానులు, వాటి కింద బట్టల దుకాణాలు, అత్తరు దుకాణాలు. ఆ వరుసలోనే ఒకప్పుడు మా మిత్రుడికి చిన్న దుకాణం ఉండేది. అయిదేళ్ళ క్రితం అది మూతపడింది. ఇప్పుడు ఆయన మరొకరి దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. ఆ కమాను దగ్గరకు వచ్చేసరికి ఆయన ముఖం ఎదుటి వరుస వైపు తిప్పుకుంటాడు. అది మాత్రం నేను ప్రతిసారీ గమనిస్తూనే ఉన్నాను.

చాయ్ తాగనిదే మా నడక సాగదు. ఇరాన్ నుంచి బొంబాయి, పూనాల మీదుగా వచ్చి స్థిరపడినవారు ఈ నగరానికి అలవాటు చేసిన చాయ్ అది. టీ ఆకును నీటిలో వేసి, మూత బిగించి సన్నని సెగ మీద చాలాసేపు ఉంచుతారు. పాలను విడిగా చిక్కబడేదాకా మరిగిస్తారు. కప్పులో ముందు డికాక్షన్, ఆపైన పాలు. పక్కన ఉస్మానియా బిస్కెట్. చివరి నిజామ్ మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరు మోసిన ఆ బిస్కెట్‌లో తీపి, ఉప్పు ఒకదాన్నొకటి మించకుండా కలిసి ఉంటాయి. వడ్డించే కుర్రవాడు కప్పును బల్ల మీద ఠక్కున పెట్టడం, సగం చాయ్ సాసర్‌లోకి ఒలకడం కూడా ఆ హోటళ్ళ సంప్రదాయమే. ఎవరూ తప్పు పట్టరు. సాసర్‌లోనిది ముందు తాగి, తర్వాత కప్పు ఎత్తుతారు.

“ఒక చాయ్, వన్ బై టూ చాలు. నాకు పెద్దగా తాగాలని లేదు” అన్నాడు యాకుత్‌పురా మిత్రుడు. గత అయిదేళ్ళుగా ఆయన మాట ఇదే. కర్నూలు మిత్రుడు ఆ మాట వినిపించుకోకుండా మూడు చాయ్‌లు, ఆరు బిస్కెట్లు, ఒక పళ్ళెం సమోసాలు తెప్పించాడు. బిల్లు రాగానే దాని మీద అరచేయి వేసి, “ఇది నా హక్కు, ఎవరూ జేబులో చేయి పెట్టకండి” అని ప్రకటించాడు. ఆయనది ధారాళమైన చేయి. ఆ ధారాళం అందరికీ వినిపించేలా ఉంటుంది. యాకుత్‌పురా మిత్రుడు తన ముందున్న సమోసాను ముట్టలేదు.

చార్మినార్ చుట్టూ వాహనాలు తిరగకుండా చేసిన తర్వాత అక్కడ నడవడం కొంత సుఖంగా ఉంది. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన ఆ నాలుగు మినార్ల నీడలో గాజుల బేరాలు, పిల్లల ఏడుపులు, ఫొటోల కోసం తోపులాటలు. లాడ్ బజార్‌లో లక్క గాజుల మీద అద్దపు ముక్కలు అతికిస్తున్న చేతులను చూస్తూ ఎంతసేపైనా నిలబడవచ్చు. మా శ్రీమతికి గాజులు కొనాలని నేను బేరమాడుతుంటే, “ఇంకో ఇరవై తగ్గిస్తాడు, ఉండు భాయ్” అంటూ కర్నూలు మిత్రుడు కలుగజేసుకుని, తగ్గాల్సిన ధరను తగ్గకుండా చేశాడు. అదొక చికాకు.

జుమా వేళకు మక్కా మసీదు చేరుకున్నాం. కుతుబ్ షాహీల కాలంలో మొదలైన ఆ కట్టడం 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయింది. నల్లరాతి స్తంభాలు, విశాలమైన ఆవరణ, ఒక పక్క ఆసఫ్ జాహీల సమాధులు, గుంపులు గుంపులుగా పావురాలు. వరుసలో భుజానికి భుజం ఆనించి నిలబడ్డప్పుడు మా ముగ్గురి మధ్య ఏ తేడా లేదు. ధారాళమైన చేయి, ఖాళీ చేయి, రెండూ ఒకే తీరున కట్టుకుని నిలబడ్డాయి.

బయటకు వచ్చేసరికి నా చెప్పులు లేవు. మూడు వైపులా వెతికాను. ఎండకు రాతిపలకలు కాలుతున్నాయి. కొత్త చెప్పులు. పైగా బేరం చెడిన గాజుల కోపం ఇంకా చల్లారలేదు. సరిగ్గా అప్పుడే యాకుత్‌పురా మిత్రుడు, “ఇక నేను ఇంటికి వెళతాను. మీరు భోజనం చేసి రండి. సాయంత్రం ఇమ్లీబన్‌లో కలుస్తాను” అన్నాడు. అయిదేళ్ళుగా ఆయన ఇలాగే చేస్తున్నాడు. నమాజు కాగానే ఏదో పని ఉందంటూ వెళ్ళిపోతాడు. మేమిద్దరం హోటల్లో బిర్యానీ తెప్పించుకుని, సగం వదిలేసి వస్తాం.

నా నోరు అదుపు తప్పింది. “ఏడాదికి ఒక్క రోజు! మాతో కూర్చుని ఒక పూట తినడం కూడా నీకు భారమైందా? అంత భారమైతే రాకుండా ఉండవచ్చు కదా!” అన్నాను. తరగతి గది గొంతుతోనే అన్నాను. పక్కన వెళుతున్నవారు తిరిగి చూశారు.

ఆయన బదులు చెప్పకుండా జనంలో కలిసిపోయాడు. కర్నూలు మిత్రుడు మొదటిసారి ఫోన్ జేబులో పెట్టి, “పొరపాటు చేశావు భాయ్” అన్నాడు. కాలుతున్న రాతి మీద ఒక కాలు మార్చి ఒక కాలు మోపుతూ నేను అక్కడే నిలబడ్డాను.

పది నిమిషాల తర్వాత ఆయన తిరిగి వచ్చాడు. చేతిలో ఒక జత రబ్బరు చెప్పులు. నా పాదాల ముందు పెట్టాడు. నేను అలవాటు ప్రకారం పర్సు తీసి, “ఎంతయింది?” అని అడిగాను.

“నీతో వచ్చిన చిక్కు ఇదే భాయ్” అన్నాడాయన నెమ్మదిగా. “ఇన్నేళ్ళుగా మీరు పెట్టింది నేను తిన్నాను. దుకాణం ఉన్న రోజుల్లో మీరు నా చాయ్ తాగేవారు. అది పోయిన తర్వాత నా చేతి నుంచి మంచినీళ్ళు కూడా తీసుకోవడం మానేశారు. ఇంటికి రమ్మని ప్రతి ఏడాదీ పిలుస్తాను. భాభీకి శ్రమ ఎందుకంటారు. నా దగ్గర చెప్పుల డబ్బు కూడా లేదనుకుంటున్నారా?”

మేము ఆయన మీద దయ చూపుతున్నామనే అనుకున్నాం. భాభీకి శ్రమ అనే మాట కూడా మర్యాద అనే అనుకున్నాం. గొర్రె కాలి మాంసానికి పిలిచినా ఆ పిలుపును అంగీకరిస్తానన్న ప్రవక్త (స) బోధను నేను పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో! పర్సు లోపల పెట్టి చెప్పులు తొడుక్కున్నాను. ఒక వేలు లోపలికి దూరడానికి కష్టపడేంత బిగువుగా ఉన్నాయి. ఆ సంగతి చెప్పలేదు.

“పదండి, ఇంటికి వెళదాం” అన్నాడు కర్నూలు మిత్రుడు. “దారిలో మిఠాయి...” అనబోయి ఆగిపోయాడు.

యాకుత్‌పురా సందుల్లో ఇద్దరు పక్కపక్కన నడవడం కష్టం. ఎదురుగా స్కూటర్ వస్తే గోడకు అతుక్కోవాలి. ఒక మేక మా కంటే ముందు నడుస్తూ దారి ఇవ్వలేదు. ఇల్లు రెండు గదులు. గుమ్మంలోనే ఎనిమిదేళ్ళ పిల్లవాడు సలాం చేసి, లోపలికి పరుగెత్తుతూ అరిచాడు: “అమ్మీ! ఈసారి చాచాలు నిజంగానే వచ్చారు!”

ఆ “ఈసారి” అనే మాటతో మాకు అంతా అర్థమైంది. మేము వచ్చే రోజున ఈ ఇంట్లో ఏటా మా ఇద్దరికీ కలిపి వంట చేస్తున్నారు. జుమా కాగానే ఆయన వెళ్ళిపోవడానికి కారణం మరే పనీ కాదు. మేము రానని చెప్పిన కబురు తీసుకుని ఇంటికి వెళ్ళడమే ఆయన పని.

దస్తర్‌ఖాన్ పరిచారు. బగారా ఖానా, దాల్చా, ఉల్లిపాయ ముక్కలు, నిమ్మబద్దలు. అంతే. షాజీరా, లవంగం, యాలకులు, వేయించిన ఉల్లిపాయ, పుదీనా వేసి మరిగించిన నీటిలో ఉడికిన బియ్యం గింజకు గింజ విడిగా ఉంది. శనగపప్పు, మాంసం, సొరకాయ కలిపి చింతపండు పులుసుతో చేసిన దాల్చా ఆవిరి గదంతా నిండింది. నాకు చిన్ననాటి నుంచి సొరకాయ అంటే పడదు. మిత్రుడికి ఆ విషయం గుర్తు లేదు. పెద్ద ముక్కలు ఏరి మరీ నా పళ్ళెంలో వేశాడు. అన్నీ తిన్నాను. రెండోసారి వడ్డించినప్పుడు వద్దనలేదు.

కర్నూలు మిత్రుడు వేళ్ళు నాకుతూ, “పులుపు భలే కుదిరింది” అన్నాడు. పరదా వెనుక నుంచి భాభీ, “చింతపండు ఊరి నుంచి వచ్చింది భాయ్, బజారుది కాదు” అన్నారు.

యాకుత్‌పురా మిత్రుడి కళ్ళు మెరిశాయి. ముద్ద చేతిలో ఆపి, “చింత అంటే గుర్తొచ్చింది. ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు ఉందే...” అని మొదలుపెట్టాడు. మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఈసారి నవ్వును అణచుకోలేదు. ఆయన కూడా నవ్వుతూనే కథ చివరిదాకా చెప్పాడు. పిల్లవాడు నోరు తెరుచుకుని, మొదటిసారి వింటున్నట్లు విన్నాడు.

సాయంత్రం ఆయన మమ్మల్ని సాగనంపడానికి ఇమ్లీబన్ దాకా వచ్చాడు. బస్సుకు ఇంకా సమయం ఉంది. ఆయనే మూడు చాయ్‌లు చెప్పాడు. మూడూ నిండు కప్పులు. బిల్లు రాగానే కర్నూలు మిత్రుడి చేయి అలవాటుగా జేబు దాకా వెళ్ళింది. అక్కడే ఆగింది. తర్వాత నెమ్మదిగా బయటకు వచ్చి, సాసర్‌లో మిగిలిన చాయ్‌ను అందుకుంది.