దాచిన కాయ

ఆసవాలు పాతబడేకొద్దీ గుణం పెరుగుతుందని శార్ఙ్గధరసంహిత చెబుతుంది. అదే గ్రంథం చూర్ణాలకు రెండు నెలలే గడువిచ్చింది. ద్రాక్షాసవమైనా మూత తెరిచి గాలి తగలనిస్తే పులిసిపోతుందనుకోండి.

మా దాచేపల్లి మిరప నేల. (ఊరి పేరులోనే దాచడమున్నదని తరగతిలో అనేవాణ్ణి, హాస్యానికే సుమండీ!) మిరప చూర్ణాల జాతికి చెందినది, వయస్సు దానికి మేలు చేయదు. కల్లంలో చక్కగా ఎండి, నూటికి పది పదకొండు పాళ్ల తేమతో టిక్కీలోకి ఎక్కిన కాయ నిలుస్తుంది. తేమ మిగిలితే బూజు పడుతుంది. మరీ ఎండితే పెళుసై గింజలు రాలుస్తుంది. ఎరుపునిచ్చే కాప్సాంథిన్‌ను వేడి, వెలుతురు, గాలి కలిసి హరిస్తాయి. కారం అంత త్వరగా పోదు గాని, బేరగాడు ముందు చూసేది రంగునే. అందుకే గుంటూరు కోల్డ్ స్టోరేజీలు. ఆ చల్లదనం క్షయాన్ని మందగింపజేస్తుందే గాని ఆపలేదు.

2025లో ధర పడిపోయింది. ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు నిర్ణయించింది. మంచి ధరకై కాయ దాచుకున్న రైతుకు అద్దె ఒకవైపు, వడ్డీ మరొకవైపు పెరుగుతాయి. కాయకు రంగు మాత్రం పెరగదు.

ఆ వేసవిలో నా పూర్వవిద్యార్థి ఒకడు వచ్చి, "మాస్టారూ, ఇంకొన్నాళ్లు ఆగమంటారా?" అని అడిగాడు. సంధులు చెప్పినవాణ్ణి, ధర చెప్పగలనా? "ఒక టిక్కీ విప్పించి కాయ చూడు నాయనా" అన్నాను. చూశాడు. సగం అమ్మాడు, సగం ఉంచాడు.