కుక్కల బండీ, ఎడ్ల బండా

అలాస్కాలో ఏటా మార్చిలో ఇడిటరాడ్ అని ఒక పందెం జరుగుతుంది. మంచు మీద జారే చక్రాల్లేని బండి, దాన్ని లాగే కుక్కల జట్టు, వెనక నిలబడి తోలే ఒకే ఒక్క మనిషి. యాంకరేజ్ వైపు నించి నోమ్ అనే ఊరి దాకా సుమారు 1,600 కిలోమీటర్లు. 1973లో మొదటిసారి గెలిచినాయనకి ఇరవై రోజులు పట్టింది. ఇప్పుడు తొమ్మిది, పది రోజుల్లో చేరిపోతున్నారు.

ఆ దారిలో కొంత భాగానికి పాత కథ ఒకటుంది లెండి. 1925 జనవరిలో నోమ్‌లో పిల్లలకి కంఠసర్పి సోకింది. మందు రైలు దిగిన చోటినించి ఊరికి 1,085 కిలోమీటర్లు. ఇరవై మంది మనుషులు, నూట యాభై దాకా కుక్కలు అంచెలంచెలుగా అయిదున్నర రోజుల్లో చేర్చారు. అందరికన్నా ఎక్కువ దూరం లాగింది టోగో జట్టు, అదీ గడ్డకట్టిన సముద్రం మీదుగా. చివరి అంచెలో ఊళ్ళోకి వచ్చింది బాల్టో. ఆ ఏడాదే న్యూయార్క్ సెంట్రల్ పార్కులో విగ్రహం ఎవరికి పెట్టారంటారు? బాల్టోకి! రిలీజు మెయిలు కొట్టినవాడికే పేరు రావడం మన ఆఫీసుల్లో పుట్టిన జబ్బేం కాదన్నమాట.

ఇదంతా నేను మా బావకి చెప్పింది పత్తర్‌గట్టిలో. పెళ్ళి బట్టలకని వచ్చాం. ఆడవాళ్ళు మూడో కొట్లో ఉన్నారు. 1908 మూసీ వరద తర్వాత ఊరిని సరిచేసేటప్పుడు కట్టిన ఆ రాతి కమానుల నీడలో మేమిద్దరం. ఎదురుగా బట్టల బేళ్ళ బండిని ఒకతను లాగుతూ, ఇంకొకతను వెనకనించి తోస్తూ జనంలోంచి పోతున్నారు. బావది ఒంగోలు దగ్గర పల్లె. బండలాగుడు పోటీలకి ఎడ్లని మేపినవాడు. తెలియనివాళ్ళకి చెప్తున్నా: పళ్ళని బట్టి వయసు, వయసుని బట్టి విభాగం. ఇచ్చిన నిమిషాల్లో బండని ఎన్ని అడుగులు లాగితే అంత.

"పగ్గం లేకుండా కుక్కలు ఎటు తిరగాలో ఎలా తెలుస్తుంది?" అన్నాడు.

"నోటిమాటే బావా. జీ అంటే కుడి, హా అంటే ఎడమ."

"మన వలపల, దాపల లాగా."

నాకు ఆ పందెంలో నచ్చింది వేగం కాదు, రూలు. దారిలో ఒకచోట 24 గంటలు, రెండుచోట్ల ఎనిమిదేసి గంటలు ఆగి తీరాలి. మజిలీల్లో పశువైద్యులుంటారు. అలిసిన కుక్కని వెనక్కి పంపించెయ్యొచ్చు, కానీ దాని బదులు కొత్తది కట్టడానికి లేదు. చివరికి అయిదు కుక్కలైనా బండికి ఉండాలి. అంటే కుక్కని పిండేస్తే నష్టపోయేది తోలేవాడే. దయని వాడి మంచితనానికి వదిలెయ్యకుండా పందెం లెక్కలోనే పెట్టేశారు.

మన దగ్గర వాదన ఎప్పుడూ సంప్రదాయమా, హింసా అనే దగ్గరే ఆగిపోతుంది. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టునీ ఎడ్లబండి పందేల్నీ వద్దంది. 2023లో తమిళనాడు, మహారాష్ట్ర, కర్ణాటక తెచ్చిన సవరణలు చెల్లుతాయంది. "బరి పక్కన ఒక డాక్టరు చెయ్యెత్తితే బండ ఆగిపోవాలి" అని రూలుండాలని నా వాదన. బావకి నచ్చలేదు.

"ఉండేదే కాసిని నిమిషాలు. అందులో ఆపితే ఇంక పోటీ ఏముంది? మా ఇంట్లో పిల్లలకన్నా ముందు ఎద్దుకి ఉలవలు పడతాయి, తెలుసా?"

"మేపడం వేరు, లాగించడం వేరు బావా."

"మరి నీ అలాస్కాలో ఒక్కటీ చావట్లేదా?"

చస్తున్నాయి. 2024 పందెంలో మూడు కుక్కలు చచ్చిపోయాయి, ఇన్ని రూళ్ళుండీ. అదే చెప్పాను. బావ గెలిచినట్టు నవ్వలేదు. కాసేపాగి, "ఆగిన ఆ 24 గంటలూ ఏం పెడతారు వాటికి?" అని అడిగాడు. గడ్డి పరిచి పడుకోబెడతారు, మంచు కరిగించి మాంసం వేసి వేడిగా పెడతారు, తోలేవాడు తన తిండి సంగతి ఆ తర్వాతే చూసుకుంటాడని చెప్పాను.

"డాక్టర్ని ఎవరు పెట్టాలి? కమిటీవాళ్ళా, గవర్నమెంటా?" అన్నాడు బావ, బేళ్ళ బండి పోయినవైపే చూస్తూ.