క్యాలెండర్ చెప్పని లెక్క

మాక్ టెస్టులో టైమ్ జోన్ లెక్క తప్పాక, నెల్లితోపులోని నా గదిలో కూర్చుని ఒక నిజమైన ప్రయాణంతో దాన్ని మళ్లీ నేర్చుకున్నాను.

2021 జనవరిలో కెప్టెన్ పాపగారి తన్మయి కూడా ఉన్న మహిళా పైలట్ల బృందం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా విమానం నడిపింది. నేరు దూరం 13,993 కిలోమీటర్లు. గ్లోబు మీద దారం లాగి చూడండి, బాగా ఉత్తరానికి ఎక్కి దిగుతుంది. ముందుగా ప్రకటించిన వేళలు, ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే: 9న రాత్రి 8.30కు బయలుదేరి, 11న తెల్లవారుజామున 3.45కు దిగాలి. చూడటానికి 31 గంటల 15 నిమిషాలు. మన గడియారం ముందున్న 13 గంటల 30 నిమిషాలు తీసేస్తే 17 గంటల 45 నిమిషాలే.

ఇంట్లో అడిగితే ‘మూడేళ్లుగా చదువుతున్నా’ అంటాను. అందులో నిజంగా చదివిన గంటలెన్ని? ఆ తీసివేత ఈ రాత్రే మొదలుపెట్టాను.