మీట ఇక్కడ, మోటారు అక్కడ

రాయదుర్గం ప్రాంతంలో బోరు ఉన్నవారికి రిలే అంటే ఏమిటో మేము వివరించనక్కరలేదు. స్టార్టరు పెట్టెలో "ఆటో" బిగించుకుంటే కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరగడం వారు ఎరుగుదురు. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ అనంతపురం జిల్లాలో నీళ్లు దొరికే గంటను పోగొట్టుకోవడం ఎవరికి ఇష్టం? ఆ ఆటో లోపల పనిచేసేది రిలేయే. చిన్న కరెంటు ఒక తీగచుట్టను అయస్కాంతంగా చేస్తుంది. అది ఇనుప రేకును లాగుతుంది. ఆ రేకు వేరొక పెద్ద కరెంటు దారిని కలుపుతుంది, లేదా తెంపుతుంది. 1835లో అమెరికాలో జోసెఫ్ హెన్రీ గారు దీనిని తయారుచేశారు. దూరప్రయాణంలో అలసిన గుర్రాన్ని విప్పి కొత్త గుర్రాన్ని కట్టే మజిలీ పేరే దీనికి వచ్చింది.

ఆ రిలేయే మా రికార్డింగు గదిలోనికి మరో వేషంలో వచ్చింది.

పాటలు, ప్రసంగాలు రికార్డు చేసే నిమిత్తము మందిరం ప్రక్క గదిని రెండుగా చేసుకున్నాము. లోపల మైకు, బయట యంత్రాలు, మధ్యన అద్దం. బెంగుళూరులో మూసివేస్తున్న ఒక స్టూడియో నుండి పాత ఇంటర్‌కామ్ సామాను తక్కువ ధరకు దొరికింది. పెద్ద స్టూడియోలలో దర్శకుడు, కెమెరా వారు, శబ్దం చూచేవారు ఒకరితో ఒకరు మాట్లాడుకునేది ఈ ప్యానెల్ మీటల ద్వారానే. 1968లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన క్లియర్‌కామ్ వంటి సంస్థలు వీటిని చేస్తున్నవి. మాటలు మోయడమే గాక, వీటిలో కొన్నింటికి వెనుకవైపు రిలే కొనలు కూడ ఉంటాయి. ఏ మీట నొక్కితే ఏ రిలే కదలాలి, నొక్కినంతసేపేనా, మరల నొక్కేదాకానా అన్నది కంప్యూటరుతో మనమే నిర్ణయించుకోవచ్చును. పెద్దచోట్ల దానితో తలుపు మీది ఎర్రదీపం వెలిగిస్తారు, వాకీటాకీలో మాట పంపిస్తారు, స్పీకరు నోరు మూయిస్తారు.

మాకు బాధలు మూడు. రికార్డింగు మధ్యలో తలుపు తీసుకుని వచ్చేవారు, ఫ్యాను చప్పుడు, ఆవరణలోని బోరు మోటారు హోరు. కాబట్టి ఒకే మీట నొక్కితే ఎర్రదీపం వెలగాలి, ఫ్యాను ఆగాలి, మోటారు ఆగాలి అనుకున్నాము. మాకు అది ఎంత తెలివైన ఆలోచనగా తోచిందో చెప్పలేము.

మొదటి వారమే ఫ్యాను మా తెలివిని బయటపెట్టింది. ప్యానెల్ రిలేలు చిన్న వోల్టేజి, చిన్న కరెంటు నిమిత్తము చేసినవి. మేము వాటికి 230 వోల్టుల ఫ్యానును నేరుగా తగిలించాము. రేకులు ఒకదానికొకటి అతుక్కుపోయి, ఎంత నొక్కినా ఫ్యాను ఆగలేదు. తరువాత మా సంఘంలోని ఎలక్ట్రీషియను సహోదరుడు మధ్యలో 24 వోల్టుల మరో రిలే పెట్టి, ఫ్యాను బరువును దానిమీద వేశాడు. ఆ తీగచుట్టకు అడ్డంగా ఒక డయోడు కూడ పెట్టాడు. ఆపిన క్షణంలో చుట్ట ఎదురుతన్నే వోల్టేజిని అది మ్రింగివేస్తుందట. ప్యానెల్‌కు కరెంటు పోయినా ఫ్యాను తిరుగుతూనే ఉండేటట్లు కలిపాడు. వేసవిలో తలుపు మూసిన గదిలో మనుషులు ఉంటారు గదా.

మోటారు విషయంలో మాత్రం మేమెవరమూ అంత ఆలోచించలేదు.

ఏప్రిల్ మాసంలో ఒక మధ్యాహ్నం స్త్రీల కూటమి వారి పాట రికార్డు చేస్తున్నాము. చెవులకు హెడ్‌ఫోను ఉన్నందున బయటి శబ్దమేదీ మాకు వినబడదు. ఆ సమయంలో సహోదరుడు వచ్చి, మోటారు నిలిచియుండుట చూచి, ఎవరో ఆపివేశారనుకొని స్టార్టరు పెట్టె మూత తీశాడు. మోటారు వైపు వైరు వదులైతే బిగిస్తున్నాడు. ఇక్కడ పాట ముగిసింది. మేము సంతోషంగా మీట వదిలాము.

కేక హెడ్‌ఫోను దాటి వినబడింది. పరుగెత్తి వెళ్లేసరికి అతడు నేలమీద కూర్చుని ఉన్నాడు. స్క్రూడ్రైవరు కొన కరిగిపోయింది, రెండు వేళ్లు కాలినవి. "అయ్యగారూ, ఎవురు ఏసినారు?" అని అడిగాడు. వేసింది మేమేనని చెప్పడానికి మాకు నోరు రాలేదు. ఆస్పత్రికి తీసుకువెళ్లే దారిలో చెప్పాము. "నేనూ మెయిన్ తీయల్యా అయ్యగారూ" అని మా తప్పులో సగం తానే తీసుకున్నాడు. అది న్యాయమైన పంపకం కాదు. నిలిచియున్న మోటారు ఆపివేసిన మోటారు కాదని అతనికి తెలియజేసే గుర్తు ఏదీ మేము అక్కడ పెట్టలేదు.

వేళ్లు మానిన తరువాత అతడే వైరింగు మార్చాడు. ఇప్పుడు ప్యానెల్ రిలే స్టార్టరులోని ఎర్రమీటతో వరుసగా ఉన్నది. అనగా అది మోటారును ఆపగలదే గాని నడపలేదు. మీట వదిలినా మోటారు లేవదు, పెట్టె దగ్గర ఎవరైనా చేతితో పచ్చమీట నొక్కవలసిందే. పెట్టె ప్రక్కనే తాళం వేసుకునే మెయిన్ స్విచ్ ఒకటి బిగించాడు. పనిచేసేటప్పుడు ఆ తాళంచెవి అతని జేబులోనే ఉంటుంది. ఇంకొకరికి ఇవ్వడు, మాకు కూడ. స్టార్టరు పైన ఒక చిన్న ఎర్రదీపం కూడ పెట్టించాము.

సిమ్‌కార్డు వేసిన స్టార్టర్లతో ఊళ్లో నుండే పొలంలోని మోటారు వేస్తున్న సహోదరులు మన సంఘములలో ఉన్నారు. ఫోను చేసే ముందు పొలంలో ఎవరైనా ఉన్నారేమో విచారించండి. పెట్టె తెరిచేవారు మెయిన్ తీయకుండా చేయి పెట్టవద్దు.

రికార్డింగు ముగిసిన తరువాత ఒకరు ఎండలో బోరు దాకా నడిచి పచ్చమీట నొక్కుతున్నారు. ఎక్కువ దినములు మేమే నడుస్తున్నాము.