తేటగా ఉన్నంత మాత్రాన

నవంబర్ 2, 2024, శనివారం. ఫ్రిస్కో

ఇల్లు చేతికొచ్చింది. పెరట్లో హాట్ టబ్ కూడా. అమ్మినవాళ్ళు మూత బిగించి వెళ్ళిపోయారు. ఎన్నాళ్ళ నాటి నీళ్ళో. మూత ఎత్తితే అడుగు స్పష్టంగా కనిపిస్తోంది. పరీక్ష పట్టీ ముంచాను. క్లోరిన్ గడి రంగే మారలేదు.

నెలాఖరుకి అమ్మా నాన్నా వస్తారు. అమ్మ మోకాళ్ళకి ఈ వేడినీళ్ళు ఏమైనా పనికొస్తాయా?

నవంబర్ 3, ఆదివారం

పైపులు శుభ్రం చేసే మందు పోసి జెట్లు తిప్పాను. ముఖానికి మాస్క్. ఇంట్లోవాళ్ళని పెరట్లోకి రానివ్వలేదు. కాసేపటికి మొదలైంది. గోధుమరంగు పొరలు, జిగట, నురగ. అంత తేటనీళ్ళ వెనక గొట్టాల్లో ఇదంతా అతుక్కుని ఉంది. ఆ జిగట కింద ఉన్న క్రిమి జోలికి మామూలు మోతాదు క్లోరిన్ పోలేదు.

పాత ఫిల్టర్ పారేశాను. కడగబుద్ధి కాలేదు. నీళ్ళు మురుగు పైపులోకే వదిలాను. వీధిలోని వాననీటి కాలువలో పోస్తే నేరుగా వాగులోకి పోతాయి. ఆ వాగులో చేపలున్నాయి.

నవంబర్ 9, శనివారం

400 గ్యాలన్లు నిండాయి. ముందు ఆల్కలినిటీ. వంటసోడా వేశాక 90 పీపీఎంకి వచ్చింది. తర్వాత పీహెచ్, 7.4. క్లోరిన్ చివర్లో. ఒక్కోటి విడివిడిగా, జెట్లు తిరుగుతుండగా, మూత తీసి ఉంచి. డబ్బాల్లో ఉన్నవి ఒకదానితో ఒకటి కలవకూడదు. వాటిని వేరే అరల్లో పెట్టాను, మా చిన్నదానికి అందనంత ఎత్తున.

పీహెచ్ 8 దాటిందంటే క్లోరిన్ ఉన్నా సగం నిద్రలో ఉన్నట్టే. జెట్లు గాలి కలిపిన కొద్దీ పీహెచ్ పైకే పోతుంది. ఇది ఒకసారి చూసి వదిలేసే పని కాదు.

నవంబర్ 16. రాత్రి

నిద్ర పట్టడం లేదు. 2019లో నార్త్ కరోలినాలోని ఫ్లెచర్‌లో తిరునాళ్ళ లాంటి సంత. అమ్మకానికి పెట్టిన హాట్ టబ్‌లు, నీళ్ళు నింపి, జెట్లు తిప్పుతూ. వందమందికి పైగా లీజనెల్లా న్యుమోనియా. నలుగురు పోయారు. టబ్‌లో దిగినవాళ్ళు కాదు. పక్కనుంచి నడిచి వెళ్ళినవాళ్ళు. 1999లో నెదర్లాండ్స్‌లోని బోవెన్‌కార్స్‌పెల్ పూల ప్రదర్శనలో కూడా అంతే.

ఆ తుంపర పీల్చితే చాలు. లీజనెల్లా పెరగడానికి అనువైన వేడీ, మనకి హాయిగా ఉండే వేడీ ఒకటే. యాభై దాటినవాళ్ళు, పొగ తాగినవాళ్ళు, ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్ళు… ఆ జాబితా చదువుతుంటే నాన్నే కనిపిస్తున్నాడు. చుట్ట మానేసినా దగ్గు మానలేదు. జేబులో ఇన్‌హేలర్.

ఆయనకి ఎలా చెప్పాలి?

నవంబర్ 30, శనివారం

వచ్చారు. అమ్మ చెప్పులు విప్పకుండానే పెరడంతా తిరిగింది. మూత తీసి చూపించాను.

"ఎంత తేటగా ఉన్నాయిరా! ఇంకా ఆ మందులెందుకు?"

మా దివిసీమ ఇంట్లో కాలవనీళ్ళ బానలో చిల్లగింజ అరగదీసేది అమ్మే. బురద దిగేది, నీళ్ళు తేటపడేవి. అయినా కాచి, వడపోసి, అప్పుడే మాకు తాగడానికి ఇచ్చేది. ఉప్పెన తర్వాత నూతుల్లో బ్లీచింగ్ పౌడర్ వేయించిన సంగతి తనే చెప్పేది. అది గుర్తుచేశాను. కాసేపు మాట్లాడలేదు.

"సరే, ఆ వాసన నాకు తెలుసు" అంది.

డిసెంబర్ 8, ఆదివారం

అమ్మ దిగడానికి డాక్టర్ సరేనన్నారు. బీపీ మాత్ర ఉంది కాబట్టి వేడి 100 డిగ్రీల ఫారెన్‌హీట్, పావుగంట మించకూడదు. 104 అసలు ఎవరూ దాటకూడదు. అమ్మ కటకటమనే మోకాళ్ళతో మెట్లు దిగి నీళ్ళలో కూర్చుంది. కళ్ళు మూసుకుంది. బయటికొచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకోలేదు.

కాండిడో జకూజీ 1948లో టబ్‌లో జెట్లు తిప్పే పంపు చేసింది కొడుకు కోసం. చిన్నతనంలోనే కీళ్ళవాతం పట్టిన కొడుకు కోసం. వ్యాపారం ఆ తర్వాతే. ఈ సంగతి చెప్తే అమ్మ పిల్లాడు బాగయ్యాడా అని అడిగింది.

నాన్న అద్దం తలుపు వెనక నుంచి చూస్తూ కూర్చున్నాడు. నేను చెప్పింది విన్నాడు. ఏమీ అనలేదు. అనకపోవడమే బాధగా ఉంది.

డిసెంబర్ 21, శనివారం

స్నేహితుల కుటుంబాలు వచ్చాయి. ముందుగా సబ్బుతో స్నానం చేసి రమ్మన్నాను. కొందరికి కష్టంగా అనిపించింది. అయినా అడగాల్సిందే. సాయంత్రం 5 పీపీఎం ఉన్న క్లోరిన్ రాత్రికి ఒకటి లోపుకి పడిపోయింది. చెమట, లోషన్, జుట్టు నూనె, అన్నీ తినేశాయి దాన్ని.

"వాసన ఘాటుగా ఉంది, క్లోరిన్ ఎక్కువైందేమో" అన్నారొకరు. ఎక్కువై కాదు, చాలక వచ్చే వాసన అది. అందరినీ బయటికి రమ్మని క్లోరిన్ వేశాను.

ఆడపిల్లలందరికీ జుట్టు ముడి వేయించాను. అడుగున నీళ్ళు పీల్చే జల్లెడలు మళ్ళీ తడిమి చూశాను. వర్జీనియా గ్రేమ్ బేకర్‌కి ఏడేళ్ళు. 2002లో హాట్ టబ్ అడుగు డ్రెయిన్ పట్టి లాగేసింది. తల్లి అక్కడే ఉంది. ఆ తల్లి పోరాటంతో 2007లో చట్టం వచ్చింది. ఆ జల్లెడ పగిలి ఉంటే పంపు ఆన్ చేయకూడదు. ఒక్క నిమిషం కూడా.

జనవరి 10, 2025

మంచు. పంపు ఆగనివ్వలేదు. గొట్టాలు గడ్డకడితే పగులుతాయి.

జనవరి 13. భోగి

తెల్లారగట్ల తలంటు. నువ్వులనూనె, సున్నిపిండి. ఈ రోజు ఎవరూ టబ్ జోలికి వెళ్ళొద్దని చెప్పాను. సాయంత్రం చిన్నదానికి భోగిపళ్ళు. ముచ్చటగా కూర్చుంది. ఆ తర్వాత "నానమ్మతో నేనూ దిగుతా" అని ఒకటే ఏడుపు. నాలుగేళ్ళు. ఐదు దాటే దాకా వద్దు, చిన్న ఒంటికి వేడి త్వరగా ఎక్కుతుంది. అమ్మ నా వైపు చూసిన చూపు… పండగ పూట పిల్లని ఏడిపిస్తావా అని. ఏడవనీ.

ఫిబ్రవరి 2, ఆదివారం

నీళ్ళు మార్చే రోజు. తేటగానే ఉన్నాయి. కానీ నేను వాడే పొడి క్లోరిన్ వేసిన ప్రతిసారీ సయనూరిక్ ఆమ్లం కొంత మిగిలిపోతుంది. అది పేరుకున్న కొద్దీ క్లోరిన్ జోరు తగ్గుతుంది. కొత్త నీళ్ళకి కొన్ని రోజులు పొడి, తర్వాత ద్రవ క్లోరిన్. ఇదే నాకు నమ్మకంగా ఉంది.

నాన్న మొదటిసారి అడిగాడు. "ఆ చుక్కల పరీక్ష ఏంట్రా? టైట్రేషనేనా?"

అవును కదా. ఆయన జీవితమంతా చక్కెర ఫ్యాక్టరీ ల్యాబ్‌లోనే గడిచింది.

ఫిబ్రవరి 15, శనివారం

రోజూ పొద్దున్నే సీసాలో నీళ్ళు పట్టి లోపలికి తెచ్చిస్తున్నాను. వంటింటి బల్ల దగ్గర నాన్న. పది మిల్లీలీటర్లు కొలిచి, పొడి వేసి, గులాబీ రంగు పోయేదాకా చుక్క చుక్కా లెక్కపెడతాడు. చుక్కకి అర పీపీఎం. నాకు తెలియకుండా ఒక నోటుపుస్తకం గీతలు కొట్టి పెట్టుకున్నాడు. తేదీ, వేడి, పీహెచ్, క్లోరిన్, దిగినవాళ్ళు.

పట్టీలు చూపిస్తే పక్కన పెట్టేశాడు. "రంగు పోల్చడం అందాజు. ఇది లెక్క."

అద్దం తలుపు దగ్గర కుర్చీ ఖాళీగా ఉంటోంది ఇప్పుడు. ఆయనకి దిగాలని ఇంకా ఉందా? అడగలేదు.

మార్చి 1, శనివారం

అమ్మ తువ్వాలు భుజాన వేసుకుని వచ్చేసింది. నాన్న చుక్కలు లెక్కపెట్టాడు. మళ్ళీ ఇంకో నమూనా తెమ్మన్నాడు. మళ్ళీ లెక్క. 2.5.

"అర తక్కువేగా" అంది అమ్మ.

"మూడు కావాలి."

"నిన్నంతా బాగానే ఉందిగా."

"నిన్నటిది నిన్నటికే."

నా వైపు చూసింది. నేను నాన్న పక్షాన నిలబడ్డాను. క్లోరిన్ వేశాను. మళ్ళీ పరీక్ష రేపు పొద్దున. నాన్న పుస్తకంలో ఇవాళ్టి వరస: పీహెచ్ 7.5. క్లోరిన్ 2.5. దిగినవాళ్ళు: లేరు.