తుపాకీకి దువ్వెనేంటే?

రైఫిల్‌కి గురి చూసుకోవడానికి రెండు ఆనవాళ్లుంటాయి. వెనక ఒకటి, ముందు ఒకటి. రెండూ ఒక గీతలోకి వస్తే గురి కుదిరినట్టు. షాట్‌గన్‌కి అలా కాదు. గొట్టం చివర చిన్న పూస ఒక్కటే ఉంటుంది. మరి వెనక ఉండాల్సింది ఏది? మన కన్నే! అందుకే షాట్‌గన్ పేల్చేటప్పుడు కన్ను ప్రతిసారీ ఒకే ఎత్తులో ఉండాలి. ఆ ఎత్తును నిలబెట్టేది చెంప. చెంపను నిలబెట్టేది తుపాకీ కర్ర.

భుజానికి ఆనించే ఆ కర్ర భాగాన్ని స్టాక్ అంటారు. దాని పై అంచు, అంటే చెంప ఆనే చోటు, కోంబ్. ఆ అంచును కోసి, లోపల రెండు కడ్డీలు పెట్టి, పైకీ కిందకీ జరిగేలా చేస్తే అడ్జస్టబుల్ కోంబ్ అవుతుంది. నా తుపాకీకి ఇది పెట్టించుకుంటానని గుడివాడకి ఫోన్ చేసి చెబితే అమ్మ అన్న మాట ఇది: "తుపాకీకి దువ్వెనేంటే? ముందు నీ తల దువ్వుకో."

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. వారమంతా లాప్‌టాప్ ముందు. ఆదివారం మాత్రం సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఉన్న షూటింగ్ రేంజ్‌లో ట్రాప్ ఆడతాను. ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెబుతా. ముందున్న కందకంలోంచి యంత్రం ఒక చిన్న పళ్లెం విసురుతుంది. వ్యాసం 110 మిల్లీమీటర్లు. ఎడమకొస్తుందో కుడికొస్తుందో ముందు తెలీదు. మనం కొట్టకపోతే 76 మీటర్ల దూరం వెళ్లి పడుతుంది. తూటాలో 24 గ్రాముల సీసపు రవ్వలుంటాయి. రౌండుకి 25 పళ్లేలు. పెద్ద పోటీల్లో క్వాలిఫై కావడానికి ఐదు రౌండ్లు, అంటే 125 కొట్టాలి. హైదరాబాద్‌కి చెందిన కైనన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్‌కి వెళ్లింది ఈ ఆటలోనే. 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో టీమ్ స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం తెచ్చిందీ ఇందులోనే.

నాది సెకండ్ హ్యాండ్ తుపాకీ. ఆట మానేసిన ఒక సీనియర్ దగ్గర కొన్నాను. ఇటలీలో తయారైంది, గొట్టాలు ఒకదాని మీద ఒకటి ఉండే రకం. ఒక ఏడాది బోనస్ మొత్తం దానికే పోయింది. శాశ్వత చిరునామా గుడివాడ కాబట్టి లైసెన్స్ కాగితాలు బందరు కలెక్టరేట్‌కి వెళ్లాయి. ఇంటికి పోలీస్ వెరిఫికేషన్‌కి వచ్చిన రోజు వీధిలో సగం మంది అరుగుల మీదే ఉన్నారట. నాన్న ఏమీ అనలేదు గానీ అమ్మ షరతు పెట్టింది. "ఈ ఒక్క సంవత్సరం చూడు. ఏమీ రాకపోతే అమ్మేసెయ్."

ఆ సంవత్సరం సగం గడిచేసరికి నా స్కోరు 25కి 13, 14 దగ్గరే తిరుగుతోంది. విచిత్రం ఏంటంటే ఒక గుండు పళ్లెం కిందినుంచి వెళ్లేది, తర్వాతది పైనుంచి. రేంజ్‌లో ఉచిత సలహాలకు కొదవ ఉండదు కదా. "అమ్మాయిలకి భుజాల్లో బలం చాలదమ్మా" అన్నారొకరు. "పిస్టల్‌కి మారిపో, తేలిగ్గా ఉంటుంది" అన్నారింకొకరు. వినగా వినగా నిజమేనేమో అనిపించే దశకి వచ్చాను.

సంక్రాంతికి దివిసీమ వెళ్లినప్పుడు తాతయ్య దగ్గర ఈ మాట వచ్చింది. నాగాయలంక పక్కన మా ఊరు. తాతయ్యకి ఒక పాత జోడు గొట్టాల తుపాకీ ఉంది. ఒకప్పుడు బాతుల వేటకెళ్లేవారు. 1972లో వన్యప్రాణి చట్టం, 1991లో దాని సవరణ వచ్చాక వేట అనే మాటే లేదు. ఆ తుపాకీ కర్రకి పాత సైకిల్ ట్యూబు చుట్టి ఉంటుంది. 1977 ఉప్పెనలో నాని కర్ర చిట్లిందని, అందుకే ట్యూబు చుట్టారని ఇంట్లో అందరం అనుకునేవాళ్లం.

"చిట్లడమేంటే? అది చెంప కోసం" అన్నారు తాతయ్య. "ఆ తుపాకీ మా అన్నయ్యది. ఆయనది నిండు మొహం. నాదేమో ఇదిగో, లోపలికి పోయిన బుగ్గలు. కర్రకి ఆనిస్తే కన్ను కిందకి దిగిపోయేది. రెండు చుట్లు వేశా, సరిపోయింది. నీ తుపాకీ ఎవరి మొహానికి చేశారో కనుక్కున్నావా?"

ఎవరి మొహానికో కాదు. కంపెనీలు సగటు మగవాడి కొలతలకి చేస్తాయి. ఆడవాళ్లలో చాలామందికి మెడ పొడవుగా, భుజాలు సన్నగా ఉంటాయి. బుగ్గ ఎముకకీ కంటికీ మధ్య దూరం కూడా తేడా ఉంటుంది. నాలాంటి వాళ్లకి మామూలు కోంబ్ కిందికి అయిపోతుంది. చెంప గట్టిగా ఆనిస్తే కన్ను పూస కన్నా కిందికి పోయి, ఎదురుగా తుపాకీ వెనక భాగం తప్ప ఏమీ కనపడదు. కనపడాలని తల కొంచెం ఎత్తితే చెంప గాల్లో ఉంటుంది. ఆనించినప్పుడు గుండు కిందికి, ఎత్తినప్పుడు పైకి. నా కిందా మీదా లెక్క అక్కడ తేలింది. బలానికీ దానికీ సంబంధమే లేదు.

ఎంత తేడా అని లెక్క కట్టాను. పదో తరగతి సరూప త్రిభుజాలు చాలు. నా తుపాకీలో కంటి నుంచి పూస దాకా ఇంచుమించు ఒక మీటరు. కన్ను 3 మిల్లీమీటర్లు జరిగితే, మీటరుకి 3 చొప్పున 35 మీటర్ల దూరంలో 105 మిల్లీమీటర్ల తేడా. పళ్లెం వ్యాసమే 110! రవ్వలు విచ్చుకుంటాయి కాబట్టి కొంత తేడా కవర్ అయిపోతుంది. కానీ అంచుకు వెళ్లేకొద్దీ రవ్వలు పలచబడతాయి, పళ్లెం సందులోంచి తప్పించుకుంటుంది. ఒక్క పళ్లెం విలువ ఎంతో 2024 పారిస్ ఒలింపిక్స్ చూసినవాళ్లకి తెలుసు. స్కీట్ మిక్స్‌డ్ టీమ్‌లో అనంత్‌జీత్ సింగ్ నరూకా, మహేశ్వరి చౌహాన్ చైనా జోడీ చేతిలో 43-44తో కాంస్యం పోగొట్టుకున్నారు.

కొలవడం మా కోచ్ గారు దగ్గరుండి చేయించారు. ముందు కోంబ్ జోలికి పోనివ్వలేదు. "కర్ర పొడవు తేలకుండా ఎత్తు కొలిస్తే రెండుసార్లు కొలవాలి" అన్నారు. పొడవు మారితే చెంప ఆనే చోటు కూడా మారుతుంది మరి. భుజం దగ్గరుండే రబ్బరు దిమ్మ మార్చి సన్నది వేశాం. తర్వాత 15 మీటర్ల దూరంలో పెద్ద తెల్ల కాగితం, మధ్యలో ఒక చుక్క. తుపాకీ ఎత్తడం, చెంప ఆనించడం, వెంటనే పేల్చడం. తీరిగ్గా సరిచూసుకోకూడదు. ఆరు గుండ్లు కొడితే రవ్వల గుంపు నడిమధ్య చుక్కకి 6 సెంటీమీటర్లు కిందికి ఉంది. 60ని 15తో భాగిస్తే 4. అంటే కన్ను 4 మిల్లీమీటర్లు పైకి రావాలి. ట్రాప్‌లో పళ్లెం పైకి లేస్తూ పోతుంది కాబట్టి గుండు కాస్త పైకే వెళ్లాలని ఇంకో 2 కలిపాం. మొత్తం 6 మిల్లీమీటర్లు.

వెంటనే కోయించలేదు. ఫెల్ట్ ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టి, పైన కరెంటు పనికి వాడే టేపు చుట్టి నెల రోజులు ఆడాను. చూడ్డానికి తాతయ్య సైకిల్ ట్యూబు కన్నా ఘోరంగా ఉంది. కానీ 13, 14 కాస్తా 16, 17 అయ్యాయి. ఎత్తు సరైనదేనని తేలింది. ఇక ఏ పద్ధతిలో ఎత్తాలన్నదే ప్రశ్న.

అంటించుకునే ప్యాడ్లు చవక. అయితే ఎండాకాలం చెమటకి ఊడొస్తాయి. తోలు తొడుగు కట్టుకోవచ్చు, కర్రకి దెబ్బ తగలదు. కానీ అది పైనే కాకుండా పక్కన కూడా మందం పెంచుతుంది, నాకు దాంతో కన్ను పక్కకి జరిగింది. కొత్త స్టాక్ చేయించడం నా బడ్జెట్ కాదు. మిగిలింది కోయడం. ఇక్కడే నిద్ర పట్టలేదు. ఆఫీసులో అయితే తప్పు కోడ్ పెట్టినా వెనక్కి తీసేయొచ్చు. వాల్‌నట్ కర్రకి అండూ బటన్ లేదు. వంకరగా కోస్తే స్టాక్ పోయినట్టే, అమ్ముదామన్నా ఎవరూ కొనరు. అమ్మ షరతు ఎలాగూ తలమీదే ఉంది.

పోనీ ఆ 6 మిల్లీమీటర్లు శాశ్వతంగా అతికించేయొచ్చు కదా అంటారేమో. మొహం శాశ్వతంగా ఒకేలా ఉండదు. ఒళ్లు చేసినా, తగ్గినా బుగ్గ మందం మారుతుంది. చలికాలం స్వెట్టర్ వేసుకుంటే భుజం దగ్గర కొలత మారుతుంది. రేపు స్కీట్ ఆడాలనిపిస్తే ఇంకో ఎత్తు కావాలి. జరుపుకునే వీలు కావాలనే కోతకి సరేనన్నాను.

మధ్యలో ఇంటికి వెళ్లినప్పుడు పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. తుపాకీ తీసుకెళ్లలేదు, కాగితం మీద గీసుకున్న కొలతలు మాత్రమే. టేకు ముక్కతో కోంబ్ నమూనా చెక్కిచ్చారు. చేత్తో తడిమి, "ఇక్కడ అంచు బుగ్గకి గుచ్చుకుద్ది, గుండ్రం చేయించుకో" అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. "కోసిన చోట నూనె పట్టించమను. లేకపోతే మన బందరు గాలికి చెక్క ఉబ్బుద్దమ్మా."

అసలు పని హైదరాబాద్‌లో, లైసెన్సున్న తుపాకీ మేస్త్రి చేతే చేయించాను. తుపాకీ పని ఎవరితో పడితే వాళ్లతో చేయించకూడదు, చట్టం ఒప్పుకోదు. ఆయన స్టాక్ విప్పి ముందు లోపల బోల్టు కన్నం ఎంత లోతులో ఉందో చూశారు. కడ్డీల కోసం వేసే రంధ్రాలు అందులోకి దిగకూడదు. కోత గీత గొట్టాలకి సమాంతరంగా గీశారు. ముందు ముక్కునీ వెనక మడమనీ వదిలేసి మధ్య భాగం మాత్రమే కోశారు. రంపం తిన్న పొట్టు మందం కూడా లెక్కలోకి రావాలట. ఒక మిల్లీమీటరు పోతే కోంబ్ పాత ఎత్తు కన్నా అంత కిందికి కూర్చుంటుంది. రెండు రంధ్రాలూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, లేకపోతే కోంబ్ ఇరుక్కుపోతుంది. అందుకని చేతి డ్రిల్లు ముట్టుకోలేదు, స్టాక్‌ని బిగించి నిలువు డ్రిల్లు మీద పెట్టారు. పై పలకని గొట్టాలకి సమాంతరంగా ఉంచారు. వాలుగా ఉంటే తుపాకీ వెనక్కి తన్నినప్పుడు చెంప మీద కొడుతుంది. చివర్లో పచ్చి చెక్క కనపడిన ప్రతి చోటా నూనె. పెడన పెద్దాయన మాట నేను గుర్తు చేసేలోపే మేస్త్రి నూనె సీసా తీశారు.

ఇప్పుడు నా స్కోరు 18, 19 దగ్గర ఉంది. ఒకసారి 21. పతకాల స్కోరు కాదది. కానీ పళ్లెం తప్పితే ఎందుకు తప్పిందో తెలుస్తోంది. కాలు తప్పుగా పెట్టానా, తొందరపడ్డానా అని ఒక్కొక్కటీ చూసుకోగలుగుతున్నాను. అమ్మ పెట్టిన గడువు అయిపోయింది. అమ్మేయమని ఆమె మళ్లీ అనలేదు, నేనూ అడగలేదు. ఈసారి రాష్ట్ర స్థాయి పోటీకి పేరిచ్చాను.

రేంజ్‌కి కొత్తగా వచ్చిన అమ్మాయిలు ఎవరైనా స్కోరు రావట్లేదంటే నేనిప్పుడు బలం గురించి మాట్లాడను. ఖాళీ తుపాకీ, తెరిచి రెండుసార్లు చూసి, గొట్టాలు రేంజ్ వైపే పెట్టి, కళ్లు మూసుకుని భుజానికి ఆనించమంటాను. ఇప్పుడు కళ్లు తెరువు, ఏం కనపడుతోంది? పూస కనపడకుండా తుపాకీ వెనక భాగమే కనపడితే కోంబ్ తక్కువ. గొట్టం మీది పట్టీ రోడ్డులా పొడుగ్గా కనపడితే ఎక్కువ. ఐదు సెకన్ల పని. ఆ తర్వాత మేస్త్రి దాకా వెళ్లక్కర్లేదు, ముందు ఫెల్టు, టేపు చాలు. సైకిల్ ట్యూబైనా పర్లేదు.